బ్రీదర్ పైపు ఎటు తిప్పాలి?

టర్బోకి గాలి తెచ్చే రబ్బరు హోసు క్లిప్పు వదులు చేసి, మేస్త్రి లోపల వేలు పెట్టి తీశాడు. రెండో కణుపు దాకా నల్లగా, జిగటగా ఆయిలు. ఆ వేలు డ్రైవరు ముఖం ముందు పెట్టాడు.

"సూసినావా? టర్బో నోట్లోకే పోతంది."

"అందుకే కదా మావా నీకాడికి వచ్చినాను. ఆ బ్యాక్ కంప్రెషన్ పైపు ఊడదీసి కిందకి తిప్పేయ్. ఆయిలు రోడ్డు మీద పడతాది, మనకి గొడవ వదుల్తాది."

ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ రోడ్డు పక్కన, లోడు వంతు కోసం బండ్లు బారులు తీరి ఆగే చోట జరిగిన మాటలివి. డ్రైవరుది శ్రీకాకుళం జిల్లా. మేస్త్రిది కూడా తాతల నాటి ఊరు అదే జిల్లా, కానీ ఆయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి రైల్వే క్వార్టర్లలో. ఖరగ్‌పూర్‌లో ఇది వింత కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ కార్ఖానా కట్టినప్పటి నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు వచ్చి స్థిరపడుతూనే ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుందంటే ఈ ఊరి తెలుగువాళ్ళ కోసమే. చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. బిలాస్‌పూర్ నుంచి ఒడిశా, ఝార్ఖండ్ మీదుగా వచ్చే 49వ నంబరు రహదారి ఇక్కడే ముగుస్తుంది. హౌరా బజారుకి మన చేపలు మోసే లారీలు, ఇనుము మోసే ట్రైలర్లు అన్నీ ఈ దారినే పోతాయి. అందుకని తెలుగులో బాధ చెప్పుకోగలిగే మేస్త్రి ఇక్కడ దొరకడం డ్రైవర్లకి పెద్ద ఊరట.

ఆ డ్రైవరు అడిగింది హైవే మీద రోజూ ఎవరో ఒకరు అడిగేదే. పైపు తిప్పడం పావుగంట పని. అయితే ఆయిలు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా ఆ పైపు మీద చెయ్యి వేస్తే ఇంజిన్ తన కష్టం చెప్పుకునే దారిని మనమే మూసినట్టు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకో మొదటి నుంచి చెబుతాను. ఇంజిన్ పని తెలియనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా నెమ్మదిగానే చెబుతాను.

ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందకీ ఆడే గదులు పైన ఉంటాయి. వాటి కింద క్రాంక్ షాఫ్ట్ తిరిగే పెద్ద గది క్రాంక్‌కేసు. దాని అడుగున ఇంజిన్ ఆయిలు నిలిచే తొట్టిని మనవాళ్ళు చాంబర్ అంటారు. పై గదిలో డీజిలు మండినప్పుడు పుట్టే ఒత్తిడి సాధారణ గాలి ఒత్తిడికి వంద రెట్లు దాటుతుంది. ఆ ఒత్తిడిని పట్టి ఉంచేవి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. సైకిలు పంపు వాషరు ఎంత కొత్తదైనా గట్టిగా కొడితే పక్కనుంచి కొంచెం గాలి జారుతుంది కదా, రింగులూ అంతే. ఆరు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 75 సార్లు డీజిలు మండుతుంది. మండిన ప్రతిసారీ ఒక పిసరు గ్యాసు రింగుల సందుల్లోంచి కిందకి దిగుతుంది. పుస్తకాల్లో దీని పేరు బ్లో-బై. షెడ్డుల్లో బ్యాక్ కంప్రెషన్ అంటారు. కొత్త ఇంజిన్‌లోనూ ఇది ఉంటుంది. ఉండకపోతే ఆశ్చర్యపోవాలి.

దిగిన ఆ గ్యాసు వట్టి గాలి కాదు. లీటరు డీజిలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో కొంత ఈ దారిన కిందకి వస్తుంది. మసి, ఆమ్ల గుణం ఉన్న వాయువులు, మండని డీజిలు ఆవిరి దానితో పాటే వస్తాయి. కింద క్రాంక్ షాఫ్ట్ ఆయిల్ని చిమ్ముతూ తిరుగుతుంది కాబట్టి అదంతా ఆయిలు తుంపరతో కలిసి పొగమంచులా తయారవుతుంది. ఎక్కువ దూరం తిరగకుండా స్టార్టు చేసి ఆపేసే బండి ఆయిలు మూత తీసి చూడండి, లోపల మీగడ తరకలాంటి తెల్లని జిడ్డు కనబడుతుంది. అది ఆయిలూ నీరూ కలిసి చిలికిన పదార్థం. ఈ ఆవిర్లు బయటికి పోకపోతే ఆయిలు చెడిపోతుంది, బేరింగులు తింటుంది.

ఆయిలు చెడటం నెమ్మదిగా జరిగే నష్టం. గ్యాసు బయటికి పోయే దారి మూసుకుపోతే వచ్చేది తొందరగా వస్తుంది. చాంబర్‌లో ఒత్తిడి పెరిగి ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్ని తోస్తుంది. ముందు వెనక ఆయిలు సీళ్ళు, టాపెట్ కవర్ ప్యాకింగు, గేజ్ కడ్డీ గొట్టం వరసగా కారడం మొదలుపెడతాయి. అన్నిటికంటే ముందు దెబ్బతినేది టర్బో, అంటే సైలెన్సర్ వైపు పోయే పొగ తోపుతో తిరుగుతూ ఇంజిన్లోకి గాలిని ఒత్తి పంపే పంకా. టర్బో బేరింగులకి ఆయిలు ఒత్తిడితో వస్తుంది కానీ తిరిగి చాంబర్‌కి పోయేటప్పుడు దానంతట అదే కిందకి జారాలి. తోసేవాళ్ళెవరూ లేరు. చాంబర్‌లో ఒత్తిడి ఉంటే ఆ ఆయిలు కిందకి దిగదు. టర్బోలోనే నిండి సీళ్ళు దాటి ఒక పక్క సైలెన్సర్ వైపు, ఇంకో పక్క ఇంజిన్ పీల్చే గాలి వైపు కారుతుంది. అప్పుడు టర్బో పోయిందని తీర్మానించి కొత్తది బిగిస్తారు. అదీ పది రోజుల్లో కారుతుంది. నా కళ్ళ ముందే ఒకాయన ఒకే బండికి రెండు టర్బోలు మార్చాడు. గ్యాసు బయటికి పోయే బ్రీదర్ జాలీ మసితో మూసుకుపోయిందని మూడోసారి వచ్చినప్పుడు గాని ఎవరూ చూడలేదు.

ఈ గ్యాసుని బయటికి పంపే గొట్టమే బ్రీదర్ పైపు. పాత లారీల్లో అది ఇంజిన్ పక్క నుంచి కిందకి దిగి రోడ్డు వైపు నోరు తెరుచుకుని ఉండేది. బండి కదులుతుంటే కింద వీచే గాలి ఆ నోటి దగ్గర కొంచెం లాగేది. బండి ఆగితే ఆ లాగుడూ ఆగేది, గ్యాసు తన ఒత్తిడితోనే బయటికి వచ్చేది.

ఖరగ్‌పూర్ వాళ్ళకి ఈ సంగతి రైలు ఇంజిన్ల ద్వారా బాగా తెలుసు. 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 డీజిలు ఇంజిన్లలో 16 సిలిండర్లు, 2600 హార్స్ పవర్. అంత పెద్ద క్రాంక్‌కేసులో గ్యాసు దానంతట అది పోతుందని వదిలెయ్యలేదు. లోపలి గాలిని లాగి బయట పారెయ్యడానికి ప్రత్యేకంగా ఒక కరెంటు మోటారు పెట్టారు. డ్రైవర్లూ షెడ్డు పనివాళ్ళూ దాన్ని సీసీఈఎం అనేవారు, క్రాంక్‌కేసు ఎగ్జాస్టర్ మోటారు అన్నమాట. అది ఆగిపోతే లోపల గ్యాసు పేరుకుంటుంది. తర్వాత వచ్చిన ఈఎండీ జాతి ఇంజిన్లలో క్రాంక్‌కేసు ఒత్తిడి హద్దు దాటితే ఇంజిన్‌ని ఆపేసే కాపలా పరికరమే ఉంది. మా మేస్త్రి తండ్రి రైల్వే కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యారు. "ఇంజన్ కడుపులో ఎప్పుడూ లాగుడే ఉండాల, తోపుడు ఉండకూడదు" అని ఆయన పిల్లలకి చెప్పేవారట. క్రాంక్‌కేసు గురించి నేను విన్న మాటల్లో ఇంత సూటిగా చెప్పింది ఇంకొకటి లేదు.

రైల్వే వాళ్ళు, ఓడల వాళ్ళు దీన్ని ఇంత పట్టించుకోవడానికి కారణం ప్రాణభయం కూడా. ఆయిలు పొగమంచు గాలిలో ఒక పాళ్ళలో కలిసి, లోపల ఏదైనా భాగం ఎర్రగా కాలితే అది పేలుతుంది. 1947 సెప్టెంబరు 11న ఉత్తర ఐర్లండ్ తీరంలో రెయినా డెల్ పసిఫికో అనే ప్రయాణికుల ఓడ మరమ్మతు తర్వాత పరీక్షకి బయల్దేరింది. దాని డీజిలు ఇంజిన్ల క్రాంక్‌కేసులు పేలి 28 మంది చనిపోయారు. పెద్ద ఇంజిన్ల క్రాంక్‌కేసు తలుపులకి ఒత్తిడి పెరిగితే వాటంతట అవే తెరుచుకునే ఏర్పాటు తప్పనిసరి కావడానికి ఆ ప్రమాదం పెద్ద కారణం. లారీ ఇంజిన్ చిన్నది, అందులో అంత పేలుడు జరగదు. కానీ లోపల ఉన్న పదార్థం అదే.

మరి ఇన్నాళ్ళూ రోడ్డు మీదికి పోయిన పైపుని టర్బో నోటికి ఎందుకు కలిపారు?

జవాబు ఊపిరితిత్తుల్లో ఉంది. ఆ పొగమంచులో ఉండే ఆయిలు బిందువుల్లో చాలావరకు మైక్రాన్ కంటే చిన్నవి. ఊపిరితో పాటు నేరుగా లోపలికి పోయేంత సన్నం. పెట్రోలు కార్లలో ఈ గ్యాసుని తిరిగి ఇంజిన్ చేతనే పీల్పించే పద్ధతి 1961 మోడళ్ళతో కాలిఫోర్నియాలో మొదలైంది. టర్బో ఉన్న పెద్ద డీజిలు ఇంజిన్లకి మాత్రం అమెరికా చాలాకాలం మినహాయింపు ఇచ్చింది. ఆయిలు తుంపర టర్బోనీ, అది పంపే వేడిగాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌నీ పాడుచేస్తుందని ఇంజిన్ కంపెనీలు చెప్పిన మాట విని ఇచ్చిన మినహాయింపు అది. అంటే మన శ్రీకాకుళం డ్రైవరు చెప్పిన బాధే. 2007 మోడళ్ళ నుంచి ఆ మినహాయింపు ఎత్తేశారు. గ్యాసుని లోపలికి తిప్పండి, లేదా బయటికి వదిలితే దాన్ని సైలెన్సర్ పొగతో కలిపి లెక్క చూపండి అన్నారు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాలూ ఆ దారిలోనివే. సైలెన్సర్ పొగని వడపోతలతో శుభ్రం చేసి పక్కనే ఇంకో పైపులోంచి మురికి వదిలితే ఆ ఖర్చంతా వృథా అని వాళ్ళ లెక్క. అమెరికాలో స్కూలు బస్సుల్లో చేసిన పరీక్షల్లో పిల్లలు కూర్చునే చోట చేరిన సన్నని ధూళికి సైలెన్సర్ కంటే క్రాంక్‌కేసు పైపే ఎక్కువ కారణమని తేలింది. లారీలో అదే క్యాబిన్‌లో డ్రైవరూ క్లీనరూ రోజుల తరబడి తిని, పడుకుని, ప్రయాణం చేస్తారు. పార్క్ ముందు బండ్లు ఇంజిన్ ఆపకుండా వరసలో నిలబడ్డ రాత్రి ఆ గాలి పీల్చేది వాళ్ళే. ఈ విషయం నాకు చట్టం కంటే ముఖ్యంగా తోస్తుంది.

లోపలికి తిప్పడంలో ఇంకో లాభం ఉంది. టర్బో ముందు హోసులో ఎప్పుడూ కొంచెం లాగుడు ఉంటుంది. అది క్రాంక్‌కేసు గ్యాసుని పీల్చి పెద్దాయన చెప్పిన ఆ 'లాగుడు'ని ఉచితంగా అందిస్తుంది. ఆయిలు తుంపరని ముందే పట్టుకోవడానికి దారిలో ఒక సెపరేటర్ పెడతారు. కొన్నిట్లో గ్యాసు వంకరల్లో తిరిగి గోడకి కొట్టుకుని ఆయిల్ని వదిలేస్తుంది. కొన్నిట్లో వడపోత గుళిక ఉంటుంది, దాన్ని లెక్క ప్రకారం మార్చాలి. ఖరీదైన ఇంజిన్లలో గిర్రున తిరిగే పళ్ళేల దొంతర వెన్న తీసినట్టు ఆయిల్ని వేరు చేస్తుంది. లాగుడు మరీ ఎక్కువైతే అడ్డుపడే రబ్బరు పొర కవాటం కూడా కొన్నిట్లో ఉంటుంది.

సెపరేటర్ ఎంత మంచిదైనా కొంచెం తుంపర తప్పించుకుంటుంది. టర్బో దాటిన గాలి 150 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడికి ఆయిలు టర్బో గోడల మీద కాలి పెచ్చు కడుతుంది. ఇంటర్‌కూలర్‌లో చల్లబడి అడుగున చేరుతుంది. సైలెన్సర్ పొగలో కొంత తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ ఉన్న ఇంజిన్లలో మసితో కలిసి, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డు లోపల తారులా పేరుకుంటుంది. కాబట్టి డ్రైవరు ఫిర్యాదులో నిజం ఉంది. హోసు లోపల సన్నని తడి పూత ఉండటం మామూలే. ఆయిలు మడుగు కట్టినా, హోసు వంచితే ధారగా కారినా మామూలు కాదు. అప్పుడు అడగాల్సింది "పైపు ఎటు తిప్పాలి" అని కాదు, "ఇంత ఆయిలు ఎవరు పంపుతున్నారు" అని.

మేస్త్రి ఆ రోజు అదే అడిగాడు. మొదట గేజ్ కడ్డీ లాగాడు. ఆయిలు పై గీత దాటి ఉంటే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి బ్రీదర్‌లోకి కొడుతుంది. తగ్గుతోందని దారి పొడుగునా ఆయిలు పోస్తూ వచ్చిన బండిలో ఇది తరచూ దొరికే తప్పు. బీఎస్-6 బండిలో అయితే పొగ వడపోతని కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు కొంత డీజిలు చాంబర్‌లోకి దిగి, పొయ్యకుండానే మట్టం పెరుగుతుంది. మట్టం బాగా పెరిగితే ఇంజిన్ బ్రీదర్ దారిన తన ఆయిల్ని తానే తాగి మండించుకుంటూ తాళం తీసేసినా ఆగకుండా పరిగెత్తిపోవచ్చు. అప్పుడు డీజిలు ఆపినా లాభం లేదు, గాలి దారి మూసెయ్యాలి. ఈ బండిది బీఎస్-4 నాటి ఇంజిన్, మట్టం సరిగ్గానే ఉంది.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ తీశాడు. నేల మీద తట్టగానే ఎర్రటి ధూళి కుప్ప పడింది, ఖనిజం దారుల మట్టి. ఫిల్టర్ మూసుకుపోతే టర్బో ముందు హోసులో లాగుడు విపరీతంగా పెరుగుతుంది. ఆ లాగుడు బ్రీదర్ నుంచి గ్యాసుతో పాటు ఆయిల్నీ లాక్కుపోతుంది. ఒక నేరస్థుడు దొరికినట్టే. అయినా మేస్త్రి ఆగలేదు.

షెడ్డులోంచి ఒక అట్ట తెచ్చాడు. దాని మీద ఆంగ్ల యూ అక్షరంలా వంచి కట్టిన పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, అందులో సిరా కలిపిన నీలం నీళ్ళు. బ్రీదర్ పైపుని హోసు నుంచి విడదీసి, హోసు వైపు రంధ్రానికి రబ్బరు మూత గట్టిగా బిగించాడు. పైపు చివర మధ్యలో సన్న రంధ్రం ఉన్న ఇనుప మూత పెట్టాడు. గ్యాసు ఆ చిన్న రంధ్రం గుండానే పోవాలి కాబట్టి ఎక్కువ వస్తే లోపల ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది. నీళ్ళ గొట్టం ఒక కొసని గేజ్ కడ్డీ గొట్టానికి తగిలించాడు. పెద్ద కంపెనీల వర్క్‌షాపుల్లో వాడే కొలత కూడా సూత్రంలో ఇదే, అక్కడ రంధ్రం సైజు, ఒత్తిడి హద్దు ఇంజిన్ని బట్టి పుస్తకంలో రాసి ఉంటాయి.

ఇంజిన్ స్టార్టు చేసి రేసు పెంచారు. నీలం నీళ్ళు ఒక పక్క దిగి ఇంకో పక్క లేచాయి. మేస్త్రి వేళ్ళు అడ్డంగా పెట్టి కొలిచాడు. నాలుగు వేళ్ళ తేడా.

"రింగులు పోయినట్టే మావా," అన్నాడు డ్రైవరు, ముఖం పాలిపోయి. రింగులంటే ఇంజిన్ ఇప్పాలి. అంటే బండి రోజుల తరబడి ఆగిపోవాలి.

"ఆగు. అది ఫుస్సుమనే దాకా ఆగు."

బ్రేకుల గాలి ట్యాంకులు నిండుతున్నాయి. మీటరు ముల్లు పైకి పాకుతోంది. నిండగానే అన్‌లోడర్ వాల్వు ఫుస్సుమని గాలి వదిలి, ట్యాంకులకి గాలి కొట్టే కంప్రెసర్ని పని నుంచి తప్పించింది. ఆ క్షణంలో, ఇంజిన్ అదే రేసులో ఉండగానే, నీలం నీళ్ళు దిగి రెండు వేళ్ళ తేడాకి వచ్చి నిలిచాయి. మేస్త్రి బ్రేకు నాలుగుసార్లు తొక్కించాడు. ట్యాంకుల్లో గాలి తగ్గింది, కంప్రెసర్ మళ్ళీ పనిలో పడింది, నీళ్ళు మళ్ళీ నాలుగు వేళ్ళకి ఎక్కాయి. మూడుసార్లు చేసి చూపించాడు. మూడుసార్లూ అంతే.

చాలామంది మరిచిపోయేది ఇదే. క్రాంక్‌కేసులోకి గాలి దించేవి ఇంజిన్ రింగులు మాత్రమే కావు. టర్బో సీళ్ళు అరిగితే అక్కడి గ్యాసు ఆయిలు తిరుగు గొట్టం గుండా చాంబర్‌లోకి దిగుతుంది. బ్రేకులకి గాలి కొట్టే కంప్రెసర్ కూడా చిన్న ఇంజిన్ లాంటిదే. దానికీ పిస్టనూ రింగులూ ఉన్నాయి, దాని ఆయిలు తిరిగి పోయేది ఇంజిన్ చాంబర్‌లోకే. దాని రింగులు అరిగితే అది తోసే గాలి కూడా ఇదే బ్రీదర్ పైపు నుంచి పోవాలి. కంప్రెసర్ రింగులు మార్చడం ఒక పూట పని. ఇది తెలియక మంచి ఇంజిన్ని బోరు పనికి దించిన షెడ్డులు ఉన్నాయి. యజమాని అప్పు చేసి కట్టిన ఆ డబ్బు ఎక్కడికీ తిరిగి రాదు. నీళ్ళ గొట్టం ఖరీదు టీ డబ్బులంత. అది ప్రతి షెడ్డులో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

డ్రైవరు అడిగినట్టు పైపు కిందకి తిప్పేసి ఉంటే? హోసు పొడిగా ఉండేది. కంప్రెసర్ రింగులు ఇంకా అరిగేవి, మూసుకుపోయిన ఫిల్టర్ అలాగే ఉండేది, ఆయిలు రోడ్డు మీద పడుతుంటే ఎంత పోతోందో ఎవరికీ తెలిసేది కాదు.

అసలు పైపు తిప్పడమే తప్పని నేను అనను. మొదటి నుంచీ బయటికే ఊపిరి వదిలే పాత ఇంజిన్లకి కొన్నిసార్లు తిప్పాల్సిన అవసరం ఉంటుంది. ఇక్కడికి దగ్గర్లోని జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ తయారుచేసిన 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ మన లారీల్లో లక్షల కిలోమీటర్లు తిరిగింది. అదే జాతి ఇంజిన్ 1989 మోడల్ నుంచి అమెరికా డాడ్జ్ పికప్ బండ్లలో వచ్చింది. అక్కడి తొలి బండ్లలో బ్రీదర్ గొట్టం ఇంజిన్ ముందు వైపు దిగేది. దాని తుంపరని ఫ్యాను గాలి చిమ్మితే రేడియేటర్ రెక్కల మీద పడి, దాని మీద ధూళి అంటుకుని, మందంగా గోడ కట్టేది. ఇంజిన్ వేడెక్కిపోతోందని రేడియేటర్ మార్చినవాళ్ళున్నారు. అలాంటి చోట గొట్టాన్ని పొడిగించి ఇంజిన్ వెనక్కి తీసుకుపోవడం న్యాయమైన పని. గ్యాసు ముందూ బయటికే పోయింది, ఇప్పుడూ బయటికే పోతుంది, మారింది చోటు మాత్రమే.

ఆ పని చేసేటప్పుడు గొట్టం లోపలి వెడల్పు అసలు దానికంటే ఎక్కడా తగ్గకూడదు. పొడుగు పెరిగితే వెడల్పు కూడా కొంచెం పెంచడం మంచిది. మొదలు నుంచి కొస దాకా వాలుగానే పోవాలి. మధ్యలో ఊయలలా కుంగితే నీటి ఆవిరి చల్లబడి అక్కడ నిలిచి దారి మూస్తుంది. లద్దాఖ్ లాంటి చలి చోట్లకి పోయే బండిలో ఆ నీరు గడ్డకట్టి బిరడా అవుతుంది. నీళ్ళ హోసు వాడితే ఆయిలుకి ఉబ్బి లోపలికి ముడుచుకుంటుంది, ఆయిలు తట్టుకునే నైట్రైల్ రబ్బరు హోసే వాడాలి. కొస సైలెన్సర్ దగ్గరగానీ, బ్రేకు డ్రమ్ముల మీదగానీ, టైరు మీదగానీ, వైర్ల మీదగానీ పడకూడదు. ముందుకు చూడకుండా వెనక్కి ఏటవాలుగా కోసి ఉంచాలి, లేకపోతే బండి వేగానికి గాలి లోపలికి తోస్తుంది. కొసకి గుడ్డ చుట్టడం, సీసా మూతి బిగించడం ఇంజిన్ గొంతు నులమడమే. ఆయిలు కింద పడకుండా డబ్బా పెట్టుకుంటే మేలు, కానీ ఆ డబ్బాకి గాలి పోయే దారి ఉండాలి, నిండకముందే ఒంపాలి. ఒంపినప్పుడల్లా ఎంత వచ్చిందో రాసుకుంటే ఇంజిన్ ఆరోగ్యం నెలనెలా తెలుస్తుంది.

వీటన్నిటికంటే ప్రమాదమైన తప్పు ఇంకొకటి, అది టర్బో వైపు పైపు ఊడదీసినవాళ్ళు చేస్తారు. హోసుకి మిగిలిన రంధ్రం. ఫిల్టర్ దాటిన తర్వాత, టర్బోకి ముందు ఉండే చోటు అది. దాన్ని వదిలేస్తే రోడ్డు ధూళి వడపోత లేకుండా నేరుగా టర్బో రెక్కల మీదికి, అక్కడి నుంచి సిలిండర్లలోకి పోయి రింగుల్ని గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఒకసారి నేను ప్రయాణిస్తున్న బండికి దారిలో ఒక షెడ్డు వాళ్ళు ఆ రంధ్రంలో బనియన్ వేస్టు కుక్కి పంపారు. ముప్పై కిలోమీటర్లు పోకముందే టర్బో ఆ గుడ్డని మింగింది. రెక్కలు వంకరపోయి ఈల మొదలైంది. ఆ రాత్రంతా ఒడిశా సరిహద్దులో బండి కింద చాప పరుచుకుని పడుకున్నాం.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాలుష్య పరీక్షలో సైలెన్సర్ పొగనే చూస్తారు, బ్రీదర్‌ని ఎవరూ చూడరు. అందుకే చాలామంది ధైర్యం చేస్తారు. బీఎస్-6 బండిలో ఈ పైపు జోలికి అసలు పోవద్దని గట్టిగా చెబుతాను. అక్కడ సెపరేటర్, కవాటం, సెన్సర్లు ఒకదాని లెక్క మీద ఇంకోటి ఆధారపడి ఉంటాయి. ఆయిలు ఎక్కువ వస్తే సెపరేటర్ గుళిక గడువు దాటిందేమో చూడటం మొదటి పని.

ఆ సాయంత్రం మేస్త్రి కంప్రెసర్ దించాడు. రింగులు వేలితో నొక్కితే గాడిలో కదలడం లేదు. ఒకటి రెండు ముక్కలై ఉంది. కొత్త రింగులు వేసి, ఎయిర్ ఫిల్టర్ కొత్తది పెట్టి, ఇంటర్‌కూలర్ దించి లోపలి ఆయిలు ఒంపి డీజిలుతో కడిగి ఆరబెట్టాడు. కడగకుండా వదిలేస్తే అడుగున చేరిన ఆయిలు ఒక్కసారిగా ఇంజిన్‌లోకి పోయే ప్రమాదం ఉంది. బ్రీదర్ పైపుని కొత్త క్లిప్పుతో దాని పాత చోటే బిగించాడు. మళ్ళీ నీలం నీళ్ళు పెట్టి చూశాడు. కంప్రెసర్ పనిలో ఉన్నా, ఫుస్సుమన్నా, నీళ్ళు రెండు వేళ్ళ దగ్గరే కదలకుండా ఉన్నాయి. ఆ వయసు ఇంజిన్‌కి అది ఒప్పుకోదగ్గ కొలత అన్నాడు.

మూడో రోజు రాత్రి ఇచ్ఛాపురం దాటాక డ్రైవరు ఫోన్ చేశాడు. మేస్త్రి స్పీకర్ పెట్టాడు.

"హోసు ఇప్పి ఏలు పెట్టినావా?"

"పెట్టినాను మావా. తడుంది. కారట్లేదు."

"అంతుంటాది. ఫిల్టర్ మార్చిన తారీకు తలుపు లోపల సుద్దతో రాసినాను, సూసుకో. ఆ ఎర్రమట్టి దారిలో ఇంకోసారి పోతే తారీకు కోసం సూడకు, ముందే ఇప్పి తట్టు."